ఇంట్లో చేసుకునే సెన్సర్ సర్క్యూట్‌కు భాగాలు ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, కొందరు రైతులు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు ఇవి. దాదాపు అందరి చేతిలోనూ ఎక్కడో దొరికిన సర్క్యూట్ బొమ్మ ఒకటి ఉంటుంది. అందులో రాసిన విలువలే కొనాలా, వేరేవి పెడితే పనిచేయదా అన్నది అసలు సందేహం. నేను చెప్పేది ఒక్కటే. ముందు మీ సెన్సర్‌ను మీ ఇంటి నీటిలో, మీ వీధి వెలుతురులో పెట్టి కొలవండి. మిగతా భాగాల విలువలు ఆ కొలత నుంచే తేలతాయి. ఎక్కువ జవాబులకు ఉదాహరణగా ట్యాంకు నిండగానే మోగే అలారాన్ని తీసుకున్నాను. చీకటి పడగానే వెలిగే దీపం, గుడ్లు పొదిగించే పెట్టె ఉష్ణోగ్రత కూడా మధ్యలో వస్తాయి.

మాస్టారూ, అన్నిటికన్నా ముందు ఏం కొనాలి?

మల్టీమీటర్. రెసిస్టర్ కన్నా, ట్రాన్సిస్టర్ కన్నా ముందు అదే కొనండి. చవక డిజిటల్ మీటరైనా చాలు. 2 మెగా ఓమ్‌ల దాకా నిరోధం, డీసీ వోల్టేజీ కొలవగలగాలి, డయోడ్ పరీక్ష ఉండాలి. ట్రాన్సిస్టర్ గెయిన్, అంటే అది కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందో, చూసే చిన్న గుండ్రటి సాకెట్ కూడా ఉంటే ఇంకా మంచిది. మీటర్ లేకుండా భాగాలు కొనేవాళ్లు సర్క్యూట్ పనిచేయనప్పుడు ఒక్కో భాగాన్నీ మార్చి చూస్తూ పోతారు. ఆ ఖర్చు మీటర్ ధరను ఎప్పుడో దాటిపోతుంది.

ట్యాంకు అలారానికి మొత్తం ఏమేం కావాలి?

నాలుగు ఏఏ సెల్‌లు, వాటిని పట్టే పెట్టె, ఒక బీసీ 547 ట్రాన్సిస్టర్, 5 వోల్టుల బజర్ ఒకటి, 1 కిలో ఓమ్, 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు చెరొకటి, ఒక స్విచ్, నీటిని తాకే రెండు కడ్డీలు.

కలిపే పద్ధతి ఇది. ట్రాన్సిస్టర్‌కు కలెక్టర్, బేస్, ఎమిటర్ అని మూడు కాళ్లు ఉంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి స్విచ్ ద్వారా ఒక కడ్డీకి తీగ వెళ్తుంది. రెండో కడ్డీ నుంచి వచ్చే తీగ 1 కిలో ఓమ్ రెసిస్టర్ గుండా ట్రాన్సిస్టర్ బేస్‌కు చేరుతుంది. ఎమిటర్‌ను మైనస్‌కు కలపాలి. బజర్ ప్లస్ కాలు స్విచ్ తర్వాతి ప్లస్ తీగకు, మైనస్ కాలు కలెక్టర్‌కు. బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్. కడ్డీలు రెండింటినీ ట్యాంకు నిండే మట్టం దగ్గర పక్కపక్కన బిగించాలి. నీరు వాటిని తాకగానే సన్నటి కరెంటు బేస్‌లోకి వెళ్తుంది, ట్రాన్సిస్టర్ దాన్ని కొన్ని వందల రెట్లు పెంచి బజర్‌ను మోగిస్తుంది.

బజర్ కొనేటప్పుడు బ్యాటరీ తగిలిస్తే దానంతట అదే మోగే రకం అడగండి. చూడడానికి అచ్చం అలాగే ఉండే మరో రకానికి బయటి నుంచి సంకేతం కావాలి. బ్యాటరీ పెడితే అది ఒక్కసారి టిక్కుమని ఊరుకుంటుంది. దుకాణంలోనే ఒకసారి మోగించి చూసి తీసుకోండి.

నీటిని కొలవమంటారు. నీటిని ఓమ్‌లలో ఎలా కొలుస్తారు?

ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే నాకు ప్రత్యేకమైన అభిమానం, ఎందుకంటే సర్క్యూట్ అంతా దీని మీదే నిలబడి ఉంటుంది.

మీ ట్యాంకులోకి వచ్చే నీటినే ఒక గ్లాసులో పట్టండి. రెండు స్టీలు చెంచాల కాడలను ట్యాంకులో కడ్డీలు ఎంత దూరంలో ఉంటాయో అంతే దూరంలో ముంచండి, రెండు సెంటీమీటర్లు అనుకోండి. మీటర్‌ను 200 కిలో ఓమ్‌ల స్థాయిలో పెట్టి మొనలను చెంచాలకు ఆనించండి. అంకె ఒకచోట నిలవదు. చూస్తుండగానే పైకి పాకుతూ ఉంటుంది, మొనలను తారుమారు చేస్తే ఒక్కసారి కిందకు పడి మళ్లీ పాకడం మొదలుపెడుతుంది. మీటర్ పాడైందని కంగారు పడకండి. మీటర్ పంపే ఒకవైపు కరెంటుకు కడ్డీల ఉపరితలం మీద అయాన్లు పేరుకుంటాయి, అందుకే ఆ పాకడం. మొనలు ఆనించిన మొదటి రెండు మూడు క్షణాల్లో కనిపించిన అంకెను రాసుకోండి. మనకు కావలసింది ఖచ్చితమైన విలువ కాదు. 5 కిలో ఓమ్‌లా, 50 కిలో ఓమ్‌లా, 500 కిలో ఓమ్‌లా అన్న అంచనా తెలిస్తే చాలు.

నీటిలో కరిగిన లవణాలను బట్టి ఈ అంకె మారుతుంది. కళింగపట్నం, భావనపాడు వంటి తీరప్రాంతాల్లో ఉప్పదనం ఉన్న బోరు నీటిలో కరెంటు తేలిగ్గా పారుతుంది, అంకె చిన్నదిగా వస్తుంది. అదే డాబా మీద పట్టిన వాన నీటిలో లవణాలు తక్కువ, అంకె చాలా పెద్దదిగా వస్తుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ నీటితో పరీక్షించి సెన్సర్ పనిచేయడం లేదని తేల్చేసినవాళ్లూ ఉన్నారు. ఆ నీటిలో అది పనిచేయకపోవడమే సహజం. ఒక ఊరి నీటికి రాసిన సర్క్యూట్ బొమ్మ ఇంకో ఊళ్లో మొరాయించడానికి కారణం చాలాసార్లు ఇదే.

కొలిచాను, 20 కిలో ఓమ్‌లు వచ్చింది. దీనితో ఏం చేయాలి?

లెక్క వేద్దాం. బ్యాటరీ 6 వోల్టులు. బేస్ దగ్గర సుమారు 0.65 వోల్టులు పోతాయి, మిగిలింది 5.35. దారిలో నీటి 20 కిలో ఓమ్‌లకు రెసిస్టర్ 1 కిలో ఓమ్ కలిపితే 21. కరెంటు సుమారు 0.25 మిల్లీ ఆంపియర్. 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పీల్చేది ఇందులో లెక్కలోకి రాదు. బీసీ 547 బీ రకానికి గెయిన్ కనీసం 200 ఉంటుంది. 0.25ను 200తో హెచ్చిస్తే 50 మిల్లీ ఆంపియర్లు. చిన్న బజర్‌కు 30 మిల్లీ ఆంపియర్లు చాలు కాబట్టి గట్టిగానే మోగుతుంది.

మాకు 100 కిలో ఓమ్‌ల పైన వచ్చింది. బజర్ నీరసంగా మోగుతోంది.

అదే లెక్కలో 20 బదులు 100 పెట్టి చూడండి. బేస్‌కు 0.05 మిల్లీ ఆంపియర్ అందుతుంది, కలెక్టర్ దగ్గర 10 మిల్లీ ఆంపియర్లే వస్తాయి. బజర్ మార్చడం వల్ల ప్రయోజనం లేదు. ఇంకో బీసీ 547 తెచ్చి రెండింటినీ డార్లింగ్టన్ జతగా కలపండి. మొదటిదాని ఎమిటర్ రెండోదాని బేస్‌కు, రెండు కలెక్టర్లూ ఒకదానికొకటి, రెండోదాని ఎమిటర్ మైనస్‌కు. ఇప్పుడు గెయిన్ రెండింటి లబ్ధం, అంటే వేలల్లో ఉంటుంది.

అయితే ఇంత సున్నితత్వంతో ఒక చిక్కు ఉంది. కడ్డీలను పట్టి ఉంచిన ప్లాస్టిక్ మీద కాస్త తడి, నాచు పేరుకున్నా అలారం మోగుతుంది. ఆ 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ అసలు ఉపయోగం ఇక్కడ తెలుస్తుంది. దాన్ని మొదటి ట్రాన్సిస్టర్ బేస్ నుంచి మైనస్‌కు కలపాలి. జత తెరుచుకోవడానికి సుమారు 1.3 వోల్టులు కావాలి. కడ్డీల మధ్య నిరోధం దాదాపు 360 కిలో ఓమ్‌ల లోపుకు దిగితేనే బేస్ దగ్గర అంత వోల్టేజీ ఏర్పడుతుంది. పలచటి తడికి మోగదు, నిజంగా నీరు తాకితే మోగుతుంది. మీ దగ్గర ఇంకా తప్పుగా మోగుతుంటే 100 బదులు 47 కిలో ఓమ్‌లు పెట్టి చూడండి.

బీసీ 547 దొరకలేదు. దుకాణంలో వేరేది ఇచ్చారు. పెట్టవచ్చా?

బీసీ 548 అయితే కళ్లు మూసుకుని పెట్టండి. 547 తట్టుకునేది 45 వోల్టులు, 548 తట్టుకునేది 30. మన 6 వోల్టులకు ఆ తేడాతో పనిలేదు. బీసీ 337 కూడా చక్కగా సరిపోతుంది, పైగా అది ఎక్కువ కరెంటు మోస్తుంది. 2ఎన్ 3904, సీ 1815 కూడా పనికి వస్తాయి గానీ వాటి కాళ్ల వరుస వేరు. బీసీ 547 చదును ముఖం మీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్ 3904లో ఎమిటర్, బేస్, కలెక్టర్. సీ 1815లో ఎమిటర్, కలెక్టర్, బేస్. బీసీ 557 మాత్రం తీసుకోవద్దు. పైవన్నీ ఎన్‌పీఎన్ రకం, అది మాత్రం కరెంటు దిశ తిరగబడి ఉండే పీఎన్‌పీ రకం, ఈ సర్క్యూట్‌లో పనిచేయదు.

అనుమానం ఉంటే మీటర్‌ను డయోడ్ పరీక్షలో పెట్టండి. ఎర్ర మొనను ఏ కాలి మీద ఉంచితే మిగతా రెండు కాళ్లతోనూ 0.6 నుంచి 0.7 వరకు చూపిస్తుందో అదే ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ బేస్.

రాగి తీగలు వేశాం. కొద్ది రోజులకే ఒకటి పచ్చగా మారి తినేసినట్టు సన్నబడింది. ఎందుకు?

రెండు తీగల్లో ఒక్కటే పాడైందని గమనించారు కదా? ప్లస్‌కు కలిపినదే పాడవుతుంది. నీటిలో ఒకే దిశలో కరెంటు పారినంతసేపూ విద్యుద్విశ్లేషణ జరుగుతుంది. ప్లస్ తీగలోని రాగి అయాన్లుగా మారి నీటిలోకి పోతుంది, మైనస్ తీగ మీద సన్నటి బుడగలు లేస్తాయి. పచ్చటి పొర రాగి లవణాలది. వంటకూ తాగడానికీ వాడే ట్యాంకులో రాగి తీగలు వేలాడదీయవద్దని నేను గట్టిగా చెబుతాను.

దీనికి మూడు దారులు ఉన్నాయి. మొదటిది, తీగల బదులు మందమైన స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వాడడం. అవి ఎక్కువ కాలం నిలుస్తాయి. రెండోది, అలారం స్విచ్‌ను మోటారు స్విచ్ పక్కనే పెట్టుకోవడం. మోటారు వేసినప్పుడు అలారం కూడా వేస్తారు, మోగగానే రెండూ ఆపేస్తారు. నీరు కడ్డీలను తాకి ఉన్నా కరెంటు పారేది ఆ కొద్ది క్షణాలే కాబట్టి అరుగుదల నామమాత్రమవుతుంది. ఆ స్విచ్ లేకపోతే ట్యాంకు మట్టం తగ్గేదాకా బజర్ మోగుతూనే ఉంటుందన్నది వేరే సంగతి.

మూడోది ఫ్లోట్ స్విచ్. మంచినీటి ట్యాంకుకు నేను మొట్టమొదట చెప్పేది ఇదే. ప్లాస్టిక్ బెండు లోపల అయస్కాంతం, కాండం లోపల గాజు గొట్టంలో, అయస్కాంతం దగ్గరికి రాగానే కలిసే రీడ్ స్విచ్ ఉంటాయి. నీటితో పాటు బెండు లేవగానే స్విచ్ కలుస్తుంది. నీటిలో కరెంటు అన్నదే ఉండదు. ట్రాన్సిస్టరూ అక్కర్లేదు, బ్యాటరీ, స్విచ్, బజర్ వరుసగా కలిపితే సరిపోతుంది. కొన్న స్విచ్ బెండు లేచినప్పుడు కలవకుండా విడిపోతుంటే, బెండును తీసి తలకిందులుగా తొడగండి.

అయితే బడి ప్రదర్శనకు ఫ్లోట్ స్విచ్ పెడితే సరిపోతుందా?

ఇంటికి ఫ్లోట్ స్విచ్, ప్రదర్శనకు ట్రాన్సిస్టర్. నీటి నిరోధం, గెయిన్, విద్యుద్విశ్లేషణ అన్నీ ఒకే బల్ల మీద పిల్లలు చూపించి చెప్పగలిగేది రెండో దానిలోనే. మంచినీటి గ్లాసు ఒకటి, ఉప్పు కలిపిన గ్లాసు ఒకటి పెట్టమనండి. రెండింటి కొలతలూ చార్టు మీద రాయించండి.

బ్యాటరీ మంచిదా, ఫోను ఛార్జర్ మంచిదా?

ఇంటిల్లిపాదీ చేతులు పెట్టే నీటిని తాకే సర్క్యూట్‌కు బ్యాటరీయే. నాసిరకం ఛార్జర్లలో 230 వోల్టుల వైపు, 5 వోల్టుల వైపు సరైన వేర్పాటు ఉంటుందన్న భరోసా లేదు. పైగా మన అలారం ఊరికే ఉన్నప్పుడు కరెంటు దాదాపు తీసుకోదు కాబట్టి సెల్‌లు నెలల తరబడి వస్తాయి.

చాలా బొమ్మల్లో 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఉంటుంది. నేను దాన్ని సిఫారసు చేయను. అందులో నిల్వ సుమారు 500 మిల్లీ ఆంపియర్ గంటలే, ఆల్కలైన్ ఏఏ సెల్‌లో 2000 పైనే. ఇంకో కారణం కూడా ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో కరెంటు స్తంభాలు పడిపోయి చాలా రోజులు చీకట్లో గడిచాయి. తుఫానులు వచ్చే ప్రాంతంలో పల్లెటూరి కిరాణా కొట్లో దొరికే సెల్‌తో నడిచేలా చేసుకోవడమే తెలివైన పని. చీకటి పడగానే వెలిగే దీపం చేసేవాళ్లు దీన్ని తప్పకుండా గుర్తుపెట్టుకోండి.

ఎల్‌డీఆర్‌తో, అంటే వెలుతురును బట్టి నిరోధం మారే సెన్సర్‌తో, చీకటి దీపం చేస్తున్నాం. పక్కన పెట్టే రెసిస్టర్ ఎంత? ఒక్కో బొమ్మలో ఒక్కో విలువ ఉంది.

ఉంటుంది మరి. వాళ్లు ఏ ఎల్‌డీఆర్ వాడారో, ఎంత చీకటికి వెలగాలనుకున్నారో మనకు తెలియదు. మీ విలువను మీరే కనుక్కోవచ్చు. సాయంత్రం వరండాలో కూర్చుని ఎల్‌డీఆర్ కాళ్లకు మీటర్ తగిలించండి. ఎండలో కొన్ని వందల ఓమ్‌లు చూపించినది పొద్దు వాలేకొద్దీ కిలో ఓమ్‌లలోకి ఎక్కుతుంది, పూర్తి చీకట్లో మెగా ఓమ్ దాకా పోతుంది. ఇక దీపం వెలిగితే బాగుంటుందని మీకు అనిపించిన క్షణంలో మీటర్ మీద ఉన్న అంకెను రాసుకోండి. అది 10 కిలో ఓమ్‌లు అనుకుందాం.

ప్లస్ నుంచి బేస్‌కు రెసిస్టర్, బేస్ నుంచి మైనస్‌కు ఎల్‌డీఆర్. ఆ క్షణంలో బేస్ దగ్గర 0.65 వోల్టులు ఉండాలి, మిగతా 5.35 రెసిస్టర్ మీద పడాలి. 5.35ను 0.65తో భాగిస్తే సుమారు 8.2. కాబట్టి రెసిస్టర్ విలువ ఎల్‌డీఆర్ అంకెకు 8.2 రెట్లు, అంటే 82 కిలో ఓమ్‌లు. బజారులో దొరికే విలువే ఇది. తర్వాత సర్దుకోవాలంటే 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌కు వరుసగా 100 కిలో ఓమ్‌ల ప్రీసెట్, అంటే తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్, కలపండి, 47 నుంచి 147 దాకా ఎక్కడైనా నిలపవచ్చు.

పూర్తి చీకట్లో బేస్‌కు అందేది 65 మైక్రో ఆంపియర్లు, గెయిన్ 200 అయితే కలెక్టర్ దగ్గర 13 మిల్లీ ఆంపియర్లు. ఒక ఎల్‌ఈడీకి సరిపోతుంది. పది ఎల్‌ఈడీలు వెలగాలంటే ఇది చాలదు, డార్లింగ్టన్ జత కావాలి. అప్పుడు 0.65 బదులు 1.3 పెట్టి లెక్క మళ్లీ వేయాలి.

ఎల్‌ఈడీ వెలుగు ఎల్‌డీఆర్ మీద పడకుండా చూడండి. పడితే దీపం తనను తానే ఆర్పుకుంటుంది, ఆరగానే మళ్లీ వెలుగుతుంది, మినుకుమినుకుమంటూ ఉంటుంది. నల్లటి గొట్టం ముక్క తొడిగితే సరిపోతుంది.

ఎల్‌ఈడీకి ఎంత రెసిస్టర్?

6 వోల్టులకు ఎర్రదానికి 390 ఓమ్‌లు, తెల్లదానికి 270. రెండింటిలోనూ 10 మిల్లీ ఆంపియర్ల చుట్టుపక్కల పారుతుంది.

రెసిస్టర్ సరిగ్గా అదే విలువ ఉండాలా? బంగారు గీత, గోధుమ గీత అంటే ఏమిటి?

చివరి గీత బంగారు రంగైతే విలువ 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చు, గోధుమ రంగైతే 1 శాతం. పైన చెప్పిన అలారానికీ దీపానికీ 5 శాతం రకం బంగారమే. నీటి నిరోధమే రోజుకో రకంగా మారుతుంటే రెసిస్టర్‌లో 5 శాతం ఏం చేస్తుంది? 390 లేకపోతే 330 లేదా 470 పెట్టండి. 82 కిలో ఓమ్‌లు లేకపోతే 47, 33 వరుసగా కలిపి 80 చేసుకోండి. పావు వాట్ రకం చాలు. 1 శాతం రకం అవసరమయ్యేది ఉష్ణోగ్రత వంటి కొలతల్లో, అక్కడ నిజంగానే తేడా కనిపిస్తుంది.

నాటుకోడి గుడ్లకు పొదుగు పెట్టె చేస్తున్నాం. 37.5 డిగ్రీల దగ్గర హెచ్చరించాలి. ఏ సెన్సర్ మంచిది?

25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు ఉండే ఎన్‌టీసీ థర్మిస్టర్, బీటా విలువ, అంటే వేడికి నిరోధం ఎంతగా మారుతుందో చెప్పే అంకె, 3950 ఉన్నది తీసుకోండి. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. 37.5 డిగ్రీల దగ్గర సుమారు 5.9 కిలో ఓమ్‌లు. డీహెచ్‌టీ 11 అనే నీలం పెట్టె సెన్సర్ చవకగా దొరుకుతుంది గానీ అది 2 డిగ్రీలు అటూ ఇటూ చూపవచ్చు. గుడ్లకు ఆ తేడా ప్రాణాంతకం.

ఇక్కడ మాత్రం ఒంటి ట్రాన్సిస్టర్ వద్దు. దాని బేస్ వోల్టేజీ తానున్న చోటి వేడికి ప్రతి డిగ్రీకీ సుమారు 2 మిల్లీవోల్టులు జారుతుంది, పైగా అది ఒక్కసారిగా తెరుచుకోదు, మెల్లగా తెరుచుకుంటుంది. ఎల్‌ఎం 393 కంపారేటర్ వాడండి, అది రెండు వోల్టేజీలను పోల్చి చూసే ఐసీ. ప్లస్ నుంచి 5.6 కిలో ఓమ్‌లు, 1 శాతం రకం, అక్కడి నుంచి మైనస్‌కు థర్మిస్టర్. రెండూ దాదాపు సమానంగా ఉన్నప్పుడే డిగ్రీకి వోల్టేజీ మార్పు ఎక్కువ ఉంటుంది, 6 వోల్టుల దగ్గర అది సుమారు 60 మిల్లీవోల్టులు. ఈ మధ్య బిందువును కంపారేటర్ ప్లస్ ఇన్‌పుట్ కాలికి, 10 కిలో ఓమ్‌ల ప్రీసెట్ మధ్య కాలిని మైనస్ ఇన్‌పుట్ కాలికి కలపండి. వేడి మనం పెట్టిన హద్దు దాటితే అవుట్‌పుట్ కిందకు దిగుతుంది. అందుకే ఎల్‌ఈడీని, దాని రెసిస్టర్‌ను ప్లస్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య పెట్టాలి.

ఎక్కువమంది వదిలేసేవి రెండు. ఎల్‌ఎం 393 అవుట్‌పుట్ తనంతట తాను పైకి లేవదు, ప్లస్ నుంచి అవుట్‌పుట్‌కు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. ఆ హద్దు దగ్గర ఎల్‌ఈడీ తడబడకుండా అవుట్‌పుట్ నుంచి ప్లస్ ఇన్‌పుట్ కాలికి 1 మెగా ఓమ్ పెట్టాలి. అప్పుడు వెలిగే ఉష్ణోగ్రతకూ ఆరే ఉష్ణోగ్రతకూ మధ్య దాదాపు 0.3 డిగ్రీల ఎడం ఏర్పడుతుంది. ప్రీసెట్‌ను లెక్కతో కాక, పెట్టెలో గుడ్ల ఎత్తున జ్వరం చూసే థర్మామీటర్‌ను థర్మిస్టర్ పక్కనే పెట్టి, సర్క్యూట్ నడుస్తుండగా తిప్పండి.

కెపాసిటర్ లేకపోయినా సర్క్యూట్ పనిచేస్తోంది. నిజంగా అవసరమా?

డాబా మీది ట్యాంకు నుంచి కిందికి పది మీటర్ల తీగ దించితే అవసరమే. ఆ తీగ ఇంటి వైరింగ్ నుంచి 50 హెర్ట్జ్ రొదను పట్టుకుంటుంది, డార్లింగ్టన్ జత దాన్ని కూడా పెంచి బజర్‌ను గరగరలాడిస్తుంది. బేస్ నుంచి మైనస్‌కు 104 అని రాసి ఉన్న చిన్న సిరామిక్ కెపాసిటర్ పెట్టండి, దాని విలువ 0.1 మైక్రోఫారడ్. ఐసీ వాడితే దానికి బ్యాటరీ ప్లస్, మైనస్ అందే కాళ్లకు ఆనుకుని ఇలాంటిదే మరొకటి. ఎలక్ట్రోలిటిక్ రకం పెట్టేటప్పుడు డబ్బా మీద గీత ఉన్న కాలు మైనస్‌కు వెళ్లాలి, వోల్టేజీ మీ బ్యాటరీకి కనీసం రెట్టింపు ఉండాలి.

555 ఐసీ పెట్టమని కొందరు, ఆర్డుయినో పెట్టమని కొందరు అంటున్నారు.

ఆగి ఆగి మోగాలంటే 555 అనే టైమర్ ఐసీ మంచిదే. కానీ మామూలు ఎన్‌ఈ 555 ఏ పనీ చేయకపోయినా సుమారు 3 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. 2000 మిల్లీ ఆంపియర్ గంటల సెల్‌లు నెల తిరగకుండానే అయిపోతాయి. బ్యాటరీ మీద నడపాలంటే 7555 అనే, తక్కువ కరెంటు తాగే సీమాస్ రకం అడగండి. అంకెలు తెర మీద చూపాలి, నమోదు చేయాలి అనుకుంటే ప్రోగ్రాం రాసి నడిపే ఆర్డుయినో బోర్డు. నీరు నిండిందా లేదా అన్న ఒక్క ప్రశ్నకు అవసరం లేదు.

అలారం బదులు మోటారే ఆగిపోయేలా రిలే పెట్టవచ్చా?

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, విడదీసే స్విచ్. దాని కాయిల్ వరకు చెబుతాను. 5 వోల్టుల చిన్న రిలే సుమారు 70 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. బీసీ 547 గరిష్ఠం 100 కాబట్టి దాన్ని అంచు మీద నడపకుండా బీసీ 337 పెట్టండి. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్ 4007 డయోడ్ తప్పనిసరి, గీత ఉన్న వైపు ప్లస్‌కు. ఆ డయోడ్ లేకపోతే, రిలే ఆగినప్పుడు కాయిల్‌లో పుట్టే వోల్టేజీ దెబ్బ ట్రాన్సిస్టర్ మీద పడుతుంది.

230 వోల్టుల వైపు మాత్రం పిల్లలు చేయి పెట్టకూడదు, ఎవరు ఎంత ధైర్యం చెప్పినా సరే. రిలే మీద 10 ఆంపియర్లు అని ఉన్నది హీటర్ వంటి లోడుకు. మోటారు మొదలయ్యేటప్పుడు తన మామూలు కరెంటుకు కొన్ని రెట్లు లాగుతుంది, చిన్న రిలే కాంటాక్టులు అతుక్కుపోయి మోటారు ఆగనే ఆగదు. ఆ పనికి సరైన స్టార్టర్‌తో ఎలక్ట్రీషియనే రావాలి.

పెరట్లో కూరగాయల మడికి తేమ సెన్సర్ కొన్నాం. రెండు కాళ్ల ఫోర్కులా ఉంది. తుప్పు పట్టింది.

రాగి తీగల కథే ఇక్కడా. నేలలో కరెంటు పారినంతసేపూ ఆ కాళ్ల మీది లోహపు పూత కరిగిపోతుంది. కెపాసిటివ్ రకం తీసుకోండి, అందులో లోహం నేలను తాకదు. దాని మీద గీత గీసి ఉంటుంది, అంతవరకే పాతాలి. గీత పైన భాగాలున్న చోట, బోర్డు అంచుల మీద వార్నిష్ పూయండి. కొన్నాక పొడి మట్టిలో ఒకసారి, నీళ్లు బాగా పోసిన మట్టిలో ఒకసారి వోల్టేజీ కొలిచి రాసుకోండి. ఇసుక నేలకూ బంక నేలకూ ఆ రెండు అంకెలూ వేరుగా వస్తాయి.

వంటగ్యాస్ లీకు కనిపెట్టే సర్క్యూట్ ఇంట్లో చేసి పెట్టుకోవచ్చా?

ప్రదర్శన కోసం చేయండి. ప్రాణాలు దాని మీద ఆధారపడేలా వంటింట్లో పెట్టుకోవద్దు. ఎంక్యూ 6 సెన్సర్‌లో హీటర్ ఉంటుంది, ఎప్పుడూ 150 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది, కొత్తదాన్ని కనీసం ఒక రోజంతా వేడెక్కనిస్తే గానీ అంకె స్థిరపడదు. ఏ స్థాయికి మోగాలో సరిచూడడానికి ఇంట్లో మార్గం లేదు. ఇంటికి ప్రమాణాల ముద్ర ఉన్న తయారీ డిటెక్టర్ కొని, గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి నేలకు దగ్గరగా బిగించండి.

మాది సముద్రం ఒడ్డు ఊరు. సర్క్యూట్లు త్వరగా పాడవుతున్నాయి.

ఉప్పుగాలి బోర్డు మీద తేమను పట్టి ఉంచుతుంది, ఆ పొర గుండా కరెంటు కారుతుంది. పెద్ద విలువల రెసిస్టర్లున్న సున్నితమైన సర్క్యూట్లకు ఇది ముందు తగులుతుంది. అందుకే తీరంలో వీలైనంత చిన్న విలువలు ఎంచుకోండి, డార్లింగ్టన్ అవసరం లేకపోతే పెట్టవద్దు. టంకం లేకుండా భాగాలు గుచ్చి చూసే బ్రెడ్‌బోర్డ్ మీద పరీక్షించాక చిల్లుల బోర్డు మీద టంకం వేయండి. పాత్రలకు మాట్లు వేసేవాళ్లు వాడే ఆమ్లపు ఫ్లక్స్ కాక రోజిన్ ఫ్లక్స్ వాడాలి, ఆమ్లం మిగిలితే కాళ్లను తినేస్తుంది. టంకం వేశాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరాక వార్నిష్ పూయండి. ప్రీసెట్, బజర్ రంధ్రం మీద మాత్రం పడనీయకండి. సీసం ఉన్న టంకం కాబట్టి తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

భాగాలు ఎక్కడ దొరుకుతాయి? పాత రేడియో, టీవీల నుంచి తీయవచ్చా?

రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లు, బజర్లు శ్రీకాకుళం, విజయనగరంలలో టీవీలు బాగుచేసే దుకాణాల్లో అడిగితే ఇస్తారు. థర్మిస్టర్, ఎల్‌ఎం 393, ఫ్లోట్ స్విచ్ వంటివి లేకపోతే విశాఖపట్నం వెళ్లినప్పుడో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవచ్చు. హైదరాబాద్‌లో చుట్టాలుంటే కోఠి గుజరాతీ గల్లీ పేరు చెప్పండి. విలువకు ఒక్కటి కాకుండా పది చొప్పున 330 ఓమ్‌లు, 1, 10, 47, 100 కిలో ఓమ్‌లు, 1 మెగా ఓమ్ తెచ్చుకుంటే చాలా సర్క్యూట్లకు సరిపోతాయి.

పాత రేడియోల నుంచి రెసిస్టర్లు, డయోడ్లు, స్పీకర్లు నిశ్చింతగా తీసుకోండి, ఒక్కోదాన్నీ మీటర్‌తో చూసి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మాత్రం వదిలేయండి, ఏళ్లు గడిస్తే లోపలి ద్రవం ఎండిపోతుంది. పెద్ద గాజు తెర ఉన్న పాత టీవీలను, ఛార్జర్లను, సీఎఫ్‌ఎల్ బల్బుల బోర్డులను పిల్లలు విప్పకూడదు. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా వాటి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. అవి విప్పాలంటే ఆ దుకాణంలో పనిచేసే మెకానిక్‌నే అడిగి, ఆయన ఛార్జి తీసేసి ఇచ్చాక ఇంటికి తెచ్చుకోండి.